బ్యారన్‌లో దగ్గు

దెయ్యానికి దగ్గొస్తుందా? ఒక్కరు చెప్పండి.

మన డొంకదారి చివర పాడుబడ్డ, పొగాకు ఆరబెట్టే బ్యారన్‌కి ఈ మిర్చి కోతల నుంచే చెడ్డపేరు. చీకటి పడితే లోపల గీకిన చప్పుడు... ఆ పైన బొంగురు గొంతు మనల్ని పేరు పెట్టి పిలుస్తుంది. పలికితే చస్తాం.

ఆ మాట పుట్టించింది బ్యారన్ గలాయన, కరుణాకర్. ఆదివారం చర్చిలో ముందు బెంచీ మనిషి. తలుపు ముందు నిప్పుల కుంపటి పెట్టించి, "అటు పోయేవాళ్లు గుప్పెడు ఎండుమిరపకాయలు వేసిపోండి, ఘాటుకి అదే పోద్ది" అన్నాడు.

వేశారు. డిగ్రీలు చదివినవాళ్లూ వేశారు. మనకి మిరపకాయ మీదున్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు.

కల్లంలో తొడిమలు తీసే ఖాజాబీ అత్త చెప్పగా విన్నదిది. పోయిన బుధవారం క్యారేజీ కల్లంలో మరిచిపోయి, చీకటి పడ్డాక తిరిగి వెళ్లింది. డొంకలో ఒక్కతే. కొంగులో గుప్పెడు కాయలు.

బ్యారన్ దగ్గరికొచ్చేసరికి — గీకుడు.

ఆగింది. చప్పుడూ ఆగింది.

"ఖాజాబీ..."

పలకలేదు. కళ్లు మూసుకుని కాయలన్నీ కుంపట్లో పోసింది. పొగ లేచి తలుపు సందులోంచి లోపలికి పోయింది.

లోపల దగ్గు.

ముప్పై ఏళ్లు మిరపకాయల మధ్య కూర్చున్న మనిషి దగ్గు... దగ్గి దగ్గి, చివర "ప్రభువా" అని ఆగే దగ్గు. పక్క పీట మీద కూర్చుని అత్త పదేళ్లు విన్నదే.

"రెబ్కక్కా...?"

తర్వాత తలుపు కింది నుంచి —

"వెయ్యమాకే. ఊపిరాడటంలా."

రెబ్కమ్మ కరుణాకర్ కన్నతల్లి. చీరాలలో చెల్లెలి దగ్గర హాయిగా ఉందని ఆయన మనకి చెప్పింది ఈవిడ గురించే.

మూడేళ్ల కిందట ఆవిడ తన రెండెకరాలూ కొడుక్కి రాసిచ్చింది. తిండీ మందులూ చూడాలన్న షరతు దస్తావేజులోనే రాయించింది. తొడిమలు తీసే ఆవిడకున్న తెలివి మనలో ఎందరికుంది? ఆయన చూడలేదు. "ఆర్డీఓ గారి దగ్గరికెళ్లి రద్దు చేయిస్తాను" అంది. ఆయనేమో పొలానికి బేరం మాట్లాడుకుని, తల్లికి తాళం వేశాడు. తెల్లారగట్ట ఒక క్యారేజీ లోపల పెట్టి పోయేవాడు. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఆవిడకి దెయ్యాన్ని కాపలా పెట్టాడు. జీతం లేని కాపలా.

అత్త మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. ఇద్దరం వెళ్లి రాయితో తాళం పగలగొట్టాం. మంచినీళ్లు తాగాక అడిగాను, "మరి అరవలేదేమే పెద్దమ్మా?"

"తలుపు గీకాను, అరిచాను. అడుగుల చప్పుడు బట్టి పేరు పెట్టి పిలిచాను. ఒక్కడూ పలకలా. కాయలేసి పోయారు."

పేర్లన్నీ వరసగా చెప్పింది. రాసుకున్నాను. ఈ అరుగు మీద కూర్చున్న పద్నాలుగు మందీ అందులో ఉన్నారు. క్రీస్తుదాసు బాబాయ్, నువ్వు రెండుసార్లు.

దగ్గు విన్నారు కదా. విని, అడుగులు పెంచారు కదా.

పోలీసు కేసు సంగతి వేరే. దస్తావేజు రద్దుకి ఆవిడ పెట్టిన అర్జీ మీద సోమవారం పదింటికి ఆర్డీఓ ఆఫీసులో విచారణ ఉంది. తల్లికి మతి లేదనీ, చీరాల నుంచి తనే పారిపోయొచ్చిందనీ కరుణాకర్ చెప్పబోతున్నాడు. కాదనడానికి మా ఇద్దరి మాటా చాలదట.

ఎనిమిది గంటల బస్సుంది. ఎక్కండి. అక్కడ ఆవిడ మిమ్మల్ని మళ్లీ పేరు పెట్టి పిలుస్తుంది.

ఈసారి పలకండి.