బాలనర్సమ్మ వెనక పాడిన గొంతు

మెదక్‌ల మూతపడ్డ రైస్‌మిల్లు వెనక ఒక గది ఉంది. పొద్దుగూకితే అక్కడ ఎవరూ కూనిరాగం గూడ తియ్యరు. మిల్లుల ఉరేసుకున్న కూలామె ఒకతి, పాడేటోళ్ల వెనక తనూ పాడుతదని పేరు... కిరాయి తక్కువని, చర్చి పాటలు రికార్డు చేసే లాజరన్న ఆ గదిలనే స్టూడియో పెట్టిండు.

రెండువేల పదకొండు. తెలంగాణ సభకు పాటల సీడీ చేస్తున్నం. బస్సుల మోత ఆగినంకనే రికార్డింగ్. దెయ్యం మాటెత్తినోళ్ల నోరు నేనే మూయించిన. కాలేజీ డిబేట్లల్ల ఓడినదాన్ని కాదు మరి!

ఆరుగురు పాడిపోయినంక, కుల్చారం నుంచి బాలనర్సమ్మ వచ్చింది. అరవై ఏండ్లు. నాట్లల్ల పాడి పాడి పదునెక్కిన గొంతు. తన పాట తన పేరుతోని సీడీల వస్తదని కొత్త చీర కట్టుకొచ్చింది. ఉక్కపోతకు ఫ్యాన్ మాత్రం బంద్ చెయ్యనియ్యలే.

పాడింది. లాజరన్న కంప్యూటర్ల ఏవో సవరించి వినిపించిండు.

ఆమె గొంతు... దాని వెనక ఇంకో గొంతు.

సన్నగ, బోలుగ. అవే మాటలు — ప్రతి మాటా జరంత ఆలస్యంగ.

"మిల్లు ఆమెనే..." లాజరన్న గుసగుసలాడిండు.

"మరి మిగతా ఆరుగురు పాడినప్పుడు ఎందుకు రాలే?" అన్న నేను. తర్కం అలవాటు గదా! గదిల దెయ్యముంటే అందరి వెనకా పాడాలె. ఈమె వెనకనే పాడిందంటే...

తలుపు కాడ ఆమెతోని వచ్చిన ఊరి ఆడోళ్లు నిలబడి ఉన్నరు. ఆళ్ల ముందటనే అడిగిన —

"అవ్వా, నువ్వేమన్న బాణామతి చేస్తవా?"

బాలనర్సమ్మ కొంగు సర్దుకొని పోయింది. ఆమె పాట తీసేసినం.

మూడోనాడు రాత్రి, సీడీ మొదట్ల పెట్టే నా ఉపన్యాసం రికార్డింగ్. నాగ్గూడ ఉక్కపోతనే, ఫ్యాన్ తిరుగుతనే ఉంది. లాజరన్న వినిపించిండు.

నా గొంతు... వెనక, ఇంకో నేను.

"అన్నా... ఆపు!"

ఆయన స్క్రీన్ దిక్కే చూస్తున్నడు. ఏదో నొక్కి చూసి — "థూ... తప్పు నాదే చెల్లె."

ఫ్యాన్ మోత పడ్డ గొంతుకు కాపీ తీసి, ఆ కాపీకి మోత తీసే ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాం పెట్టి, అసలు గొంతుతోని కలిపిండట. అది ప్రతి మాటను కొంచెంసేపు పట్టుకొని, సాఫ్ చేసి ఇడుస్తదట. "అందుకే కాపీ లేటు. అసలు గొంతును గూడ అంతసేపు ఆపి, రెండిటినీ కలిపి నడిపిచ్చేది డిలే కాంపెన్సేషన్. హెడ్‌ఫోన్ల మా గొంతు లేటొస్తుందని పాడేటోళ్లంటే దాన్ని బంద్ చేసిన. మళ్ల పెట్టుడు మర్సిన. మిగతా ఆరుగురు ఫ్యాన్ బంద్ చేసుకొని పాడిండ్రు, ఆళ్లకు ప్లగినే పెట్టలే."

ఒక్క టిక్కు పెట్టిండు. రెండు నేనులు ఒక్కటైనయి.

తెల్లారి మొదటి బస్సుకు కుల్చారం పోయిన. బాలనర్సమ్మ ఇంటి ఎదురుగున్న గుమ్మాలకన్నిటికీ కొత్త నిమ్మకాయలు. బోరింగ్ కాడ ఆమె బిందె పెట్టంగనే మిగతా ఆడోళ్లు తమ బిందెలు ఎత్తుకొని దూరం జరిగిండ్రు.

కంప్యూటర్, ప్లగిన్, టిక్కు — అంతా చెప్పిన, తల ఎత్తకుంట. "నీ పాట మళ్ల పెడ్తం అవ్వా. నీ పేరుతోనే."

"నాకెందుకు చెప్తవ్ బిడ్డా? నాకెరుకనే గద." బిందె చంకనెత్తుకుంది. "గాళ్లకు చెప్పు. గట్టిగ చెప్పు. మొన్న గట్టిగనే అడిగినవ్ గద."

నోరు తెరిచి ఆడోళ్ల దిక్కు తిరిగిన.

ఆళ్లు దూరం జరిగి నిలబడ్డ కాడ ఎవ్వరూ లేరు.