వైరు కంప్యూటర్‌కి వైఫై డీఎన్ఎస్

"రూటర్ లైట్లన్నీ వెలుగుతున్నాయి, ఒక్క సైటూ తెరుచుకోదు! మీరు నిన్న బాగుచేసింది ఇదేనా?"

కళ్లజోళ్ల షాపులో అడుగుపెట్టాడో లేదో, నెట్ కుర్రాడి మీద విరుచుకుపడింది షాపాయన కూతురు. అక్కడ కళ్లు పరీక్ష చేసేది ఆ అమ్మాయే.

బయట వాన. తడిసి ముద్దయిన మనవాడికి ఆ తిట్లు కూడా చల్లగానే తగిలాయి. ఏం చేస్తాడు పాపం, రేపటి నుంచి వాడికి వేరే ఏరియా. మనసులో మాట ఇవాళే చెప్పాలి. లేదంటే మళ్లీ ఇటు రావడానికి సాకే లేదు.

"డీఎన్ఎస్ మారిస్తే సరిపోద్దండీ," అని కుర్చీ లాక్కున్నాడు.

"అంటే ఏంటది?"

"మనం సైటు పేరు కొడితే దాని నంబరు వెతికిపెట్టేది. మీకున్నది మొరాయిస్తోంది. ఇంకోటి పెడతా."

కమాండ్ ప్రాంప్ట్ తెరిచాడు. నల్లటి తెర. అందులో ఆ అమ్మాయి నీడ, ఆ వెనక అరల్లో కళ్లజోళ్లు, వాటి నిండా వాన వెలుగు... వేళ్లు వాటి పాటికవి కొడుతున్నాయి, వాడేమో ఎక్కడో తేలిపోతున్నాడు.

ఎంటర్ కొట్టాడు. సైటు రాలేదు. పాత అడ్రసులు తుడిచే కమాండూ కొట్టాడు. ఊహూఁ.

ఆ అమ్మాయి వంగి చూసింది. "ఇదేంటి, వైఫై అని కొట్టారు? మా కంప్యూటర్ నడిచేది వైరు మీద కదా!"

నాలిక్కరుచుకున్నాడు. వైఫై తీసేసి, వైరు కనెక్షన్ పేరు ఈథర్‌నెట్ అని పెట్టి మళ్లీ కొట్టాడు. టక్కున తెరుచుకుంది సైటు. వాడికి మాత్రం సంతోషం లేదు. పని అయిపోయిందిగా మరి!

"ఎదురుగా ఉన్న వైరు కనపళ్లేదా? ఇటొచ్చి కూర్చోండి, మీ కళ్లు చూడాలి."

పక్కనున్న గుడ్డ తెర వెనక్కి తీసుకెళ్లి కూర్చోబెట్టి, ఫ్రేము తగిలించి, అద్దం మార్చింది. "ఇది బాగుందా? ఇదా?"

"బాగుందండీ."

"నన్ను కాదు, బోర్డు చూసి చెప్పండి!"

"బోర్డు ఎవరు చూస్తున్నారండీ! వైరు కనపడకపోయిందీ అందుకే. రేపటి నుంచి నాకు వేరే ఏరియా. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆ అమ్మాయి తియ్యబోయిన అద్దాన్ని మళ్లీ ఫ్రేములోనే పెట్టేసింది.

తెర అవతల గల్లా దగ్గర్నుంచి షాపాయన కేకేశాడు. "అమ్మాయ్, అబ్బాయికి పవరెంత?"

"ఏమీ లేదు నాన్నా. కళ్లు శుభ్రంగా ఉన్నాయి."

"మరింకా ఎందుకు కూర్చోబెట్టావ్?"

తల వంచుకుంది. "పంపించాలని లేదు నాన్నా."

పెద్దాయన తెర తీసి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. మీసాల్లో నవ్వు దాచుకోలేకపోయాడు.

"బాబూ, ఏరియా మారింది నీ డ్యూటీకే కదా? రేపు డ్యూటీ దిగాక ఇటే రా. వచ్చేటప్పుడు మీ అమ్మానాన్నల్నీ వెంటబెట్టుకురా."