వెలగని సిగ్నల్

సిగ్నల్ టెక్నీషియన్ కిటకిటలాడుతున్న లిఫ్టులోకి నడిచి వెళ్ళాడు. కిందికొచ్చేసరికి ఒరిగిపోతున్నాడు.

రవాణా పర్యవేక్షణ భవనంలో లిఫ్టెక్కడం ఎప్పుడూ సాహసమే గానీ, ఈసారి తప్పు లిఫ్టుది కాదు. మెడ మీద సూది గుచ్చిన చిన్న మచ్చ ఉంది. లిఫ్టు ఆపరేటరు చేతుల్లో వాలిపోతూ అతనన్నది ఒక్కటే. "గేటు తెరిచే ఉంటుంది... సిగ్నల్ మాత్రం పచ్చగా..."

రైళ్ళ మీదా రోడ్ల మీదా ప్రభుత్వం కన్నేసి ఉంచే భవనం అది. ఎడమ మెట్లెక్కితే రైలు విభాగం, కుడి మెట్లెక్కితే రోడ్డు విభాగం. ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఆ రెంటికీ మధ్యనున్న గోడ వెనక, పాత టైర్లూ తుప్పు లాంతర్లూ పడేసిన స్టోరు గదిలో, మూడో విభాగం ఒకటుందని ఆ రెండు విభాగాలకూ తెలియదు.

"కూర్చో, లూప్‌లైన్," అన్నాడు చీఫ్.

కుర్చీ లేదు. ఏజెంట్ లూప్‌లైన్ ఒక టైరు మీద కూర్చున్నాడు.

లోకానికి అతను రైలు విభాగంలో ఇన్‌స్పెక్టరు. అక్కడ అతని పని సిగ్నల్ దీపం ఆర్పేసి పొదల్లో దాక్కోవడం! వెలగని సిగ్నల్ కనిపిస్తే డ్రైవరు దాన్ని ఎర్రదీపంగానే లెక్కేసి రైలాపాలి, అది రూలు. ఆపుతున్నాడో లేదో చాటునుంచి చూడాలి. డ్రైవర్లందరూ నోరారా తిట్టుకునే ఉద్యోగం. గూఢచారికి అంతకన్నా మంచి మారువేషం ఎక్కడ దొరుకుతుంది?

"మామూలుగా గేటు పడితేనే సిగ్నల్ పచ్చబడుతుంది," అన్నాడు చీఫ్. "ఎవరో ఓ చోట వైర్లు కలిపేశారు. గేటు ఎత్తి ఉన్నా అక్కడ పచ్చదీపమే. ఆ గేటు మధ్యలో పెట్రోలు ట్యాంకరు నిలబెడతారు. నిండా జనమున్న రైలొచ్చి గుద్దుతుంది."

"ఎవరు సార్?"

"విదేశీ ముఠా. బయట బోర్డు మాత్రం సేఫ్టీ కన్సల్టెన్సీ. ప్రమాదం జరిగిన మర్నాడు ప్రభుత్వం చేతులెత్తేసి, మన రైళ్ళ తనిఖీ, రోడ్ల తనిఖీ అంతా వాళ్ళకి అప్పజెబుతుంది. ఇక ఏ సరుకు ఎటు పోతోందో, ఏ సైన్యం ఎటు కదులుతోందో మనకంటే ముందు వాళ్ళకి తెలుస్తుంది."

"రైళ్ళు ఆపేద్దాం."

"కంట్రోల్ రూంలో వాళ్ళ మనిషున్నాడు. ఆపితే గేటు మారుస్తారు. ఇప్పటికి తెలిసిందల్లా ఏ గేటన్నదే, ఊరవతల మలుపు దగ్గరది. ఇవాళే. ఏ రైలో తెలీదు. ఆ గేటు దగ్గరే మేడమ్‌ని కలిస్తే చెబుతుంది."

"మేడమా?"

"వాళ్ళ కన్సల్టెంటే. లోపల మన మనిషి."

ఆవిడ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వరండాలో నడిచొస్తుంటే రెండు విభాగాల వాళ్ళూ ఒకేసారి బయటికొచ్చి చూసేవారు. ఆ భవనం చరిత్రలో ఇద్దరూ కలిసి చేసిన పని అదొక్కటే.

"కోడ్ విను. ఆవిడ 'ఈ గేటెప్పుడు పడుతుంది?' అంటుంది. నువ్వు 'రోడ్డు వాళ్ళనడగండి' అనాలి. ఆవిడ 'వాళ్ళు మిమ్మల్నే అడగమన్నారు' అంటుంది."

"దేశమంతా అనుకునే మాటేగా సార్ ఇది!"

"అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఇదిగో పెన్ను. ఒక్కటే తూటా. పేలిన చోటు నాకు తెలుస్తుంది. దగ్గర్లోనే క్రేనుతో ఉంటా. ఇంకో మాట. ఇది ఎవరికీ తెలియకూడదు. జనం బెదిరినా ముఠా గెలిచినట్టే. జరగనిది జరగనట్టే ఉండాలి."

బయటికొచ్చాడో లేదో ఫోను మోగింది. భార్య.

"ఏమండీ, నాన్నకి ఇవాళే చివరి డ్యూటీ. గుర్తుందా?"

"ఎందుకుండదు?"

"ఇన్నేళ్ళలో ఆయన బండి ఆయన వల్ల ఒక్కసారీ ఆలస్యం కాలేదు. మీ వాళ్ళెవరైనా దీపాలార్పేసి పొదల్లో కూర్చుంటారేమోనని నాకు భయంగా ఉంది. ఈ ఒక్కరోజూ ఆయన జోలికి పోకుండా చూడండి. నాకోసం."

"నేను చూసుకుంటాగా."

"ఒట్టు?"

"ఒట్టు."

మామగారు నడిపేది మధ్యాహ్నం ఎక్స్‌ప్రెస్. ఆ లైను మీద రైళ్ళు బోలెడు, ఆయనదే ఎందుకవుతుంది అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. మనసు సర్దుకోలేదు.

గేటు దగ్గరికి అతను రోడ్డు కూలీ వేషంలో చేరాడు. అంటించిన గడ్డం, చేతిలో పార, ఒంటినిండా తారు మరకలు. గేటు ఎత్తే ఉంది. గదిలోకి తొంగిచూస్తే గేట్‌మన్ బల్ల మీద తలవాల్చి గురక పెడుతున్నాడు. పక్కన సగం తాగిన టీ, మత్తుమందు వాసన. టెలిఫోను వైరు తెగ్గొట్టి ఉంది. జెండాలు లేవు.

నల్లకారు వచ్చి ఆగింది. అద్దం దిగింది.

"ఈ గేటెప్పుడు పడుతుంది?"

"రోడ్డు వాళ్ళనడగండి."

"వాళ్ళు మిమ్మల్నే అడగమన్నారు," అంది మేడమ్ నవ్వుతూ. ఆ నవ్వుతోనే పిస్తోలు కూడా బయటికొచ్చింది.

"మేడమ్, మీరు మా మనిషి కదా?"

"మీ మనిషినే. జీతం రెండు చోట్లా తీసుకుంటాను, పని ఒక్కచోటే చేస్తాను. మీ ఆఫీసులో నేర్చుకున్నదే!"

కారులోంచి దిగిన బండోడొకడు అతని పిస్తోలు, సెల్‌ఫోను లాక్కుని, కుడిచేతికి సంకెల వేసి, రెండో కొస గేటు దించే ఇనుప చక్రానికి తగిలించాడు. జేబులో పెన్నును చూశాడు గానీ వదిలేశాడు. కూలీవాడి దగ్గర పెన్నెందుకని ఆలోచించే తెలివి వాడికి లేదు.

పెట్రోలు ట్యాంకరు మెల్లగా వచ్చి పట్టాల మీద అడ్డంగా నిలిచింది. దాని డ్రైవరు తాళం తీసుకుని దిగి కారెక్కాడు.

"ఏ రైలు?" అన్నాడు లూప్‌లైన్.

"మధ్యాహ్నం ఎక్స్‌ప్రెస్. డ్రైవరు చాలా నిక్కచ్చి మనిషట. సిగ్నల్ పచ్చగా ఉంటే అస్సలు స్పీడు తగ్గించడట." ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుంది. "మాకు అలాంటివాళ్ళే కావాలి."

కారు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది.

మామగారు ఇప్పుడు ఇంజన్లో నిటారుగా కూర్చుని ఉంటాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా. వెనక పెట్టెల నిండా జనం. తనేమో చక్రానికి కట్టేసిన గొడ్డులా ఇక్కడ! సంకెల గుంజాడు. మణికట్టు తెగి నెత్తురొచ్చిందే గానీ సంకెల కదల్లేదు. పెన్ను పేలుద్దామంటే పక్కనే పెట్రోలు. నిప్పురవ్వ ఎగిరితే ముఠా పని తనే పూర్తిచేసినట్టవుతుంది.

ఇంతలో దేవుడు పంపినట్టు రోడ్డు సేఫ్టీ జీపొకటి వచ్చింది. టోపీ పెట్టుకున్న అధికారి దిగి ట్యాంకరు చుట్టూ ఓ ప్రదక్షిణ చేశాడు.

"సార్! ట్యాంకరు తీయించండి! రైలొస్తోంది!"

"గేటు తెరిచుందిగా?"

"నా ఖర్మ! తెరిచుందనే చెప్తున్నా!"

"చూడబ్బాయ్," అన్నాడు అధికారి ఓపిగ్గా. "తారు ఉన్నంతమేరే మాది. పట్టాల మధ్య స్థలం రైలు వాళ్ళది. దీని ముందు చక్రాలు అటున్నాయి, వెనక చక్రాలు ఇటున్నాయి. వాటికి కావాలంటే రాంగ్ పార్కింగ్ రాస్తా. మధ్యభాగం మీద చెయ్యి వెయ్యాలంటే వాళ్ళ లెటరుండాలి."

"పోనీ వైర్‌లెస్‌లో స్టేషనుకి చెప్పండి!"

"అది మా కంట్రోల్‌కే కలుస్తుంది. వాళ్ళు హెడ్డాఫీసుకి చెప్తారు. హెడ్డాఫీసు రైలు వాళ్ళకి రాస్తుంది."

"నా చేతికి సంకెళ్ళున్నాయి, కనబడట్లేదా సార్?"

"అది పోలీసోళ్ళ పని," అని జీపెక్కి వెళ్ళిపోయాడు. పాపం, మాటకి మర్యాదగల మనిషే.

లూప్‌లైన్‌కి ఏడుపొచ్చింది. శత్రువు కట్టేసినప్పుడు రాని ఏడుపు, సొంత భవనం వాడు జీపెక్కిపోతుంటే వచ్చింది. ఆ ఏడుపులోనే గోడకి వేలాడుతున్న నిప్పార్పే ఇసక బకెట్టు కంటపడింది. కాలు చాపి దాన్ని కిందికి లాగాడు. సంకెల గొలుసును ఇసకలో పూడ్చి, పెన్ను లోపలికి దూర్చి, కళ్ళు మూసుకుని నొక్కాడు.

డబ్బుమంది. నిప్పు ఇసకలోనే చచ్చింది. గొలుసు తెగింది.

ఇంతా చేసి ఏం లాభం? తాళం లేని ట్యాంకరును ఒక్కడూ నెట్టలేడు. పట్టాల మధ్య చేతులూపుకుంటూ నిలబడితే, ఆ స్పీడులో మనిషి కనబడ్డాక బ్రేకు వేసినా బండి తనని దాటి ట్యాంకరు దాకా వచ్చేస్తుంది. డ్రైవరుకి దూరం నుంచే కనిపించేది ఒక్కటే. మలుపవతల ఉన్న సిగ్నల్.

పరిగెత్తాడు. కంకర మీద పడుతూ లేస్తూ పరిగెత్తాడు. గడ్డం సగం ఊడి చెవికి వేలాడింది. సిగ్నల్ స్తంభం మీద పచ్చదీపం ప్రశాంతంగా వెలుగుతోంది. దూరంగా హారన్ వినబడింది. పట్టాలు సన్నగా వణకడం మొదలెట్టాయి.

నిచ్చెనెక్కాడు. గాజు మీద పిడికిలితో గుద్దాడు. పగల్లేదు. కంకరరాయి తెచ్చుకోవాలని అప్పుడు తట్టింది, దిగే సమయం లేదు. "ఛీ, నా బతుకు!" అంటూ చెయ్యి విదిలించాడు. మణికట్టుకి మిగిలిన సంకెల వెళ్ళి గాజుకి తగిలి టంగుమంది. సన్నని గీటొకటి పడింది. అంతే, మేడమ్ వేయించిన ఇనుమునే సుత్తి చేసుకుని బాదాడు, పిచ్చిపట్టినవాడిలా బాదాడు. పచ్చగాజు భళ్ళున పగిలి, దీపం ఆరిపోయింది.

"ఆగండి మావయ్యా," అన్నాడు పైకే. "మమ్మల్ని తిట్టుకోండి, ఏమైనా అనుకోండి. ఆగండి చాలు."

ఒక్క క్షణం ఏమీ మారలేదు. ఆ తర్వాత బ్రేకులు కీచుమన్నాయి. పెట్టెలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ, మూలుగుతూ, కాలిన ఇనుము వాసనతో ఎక్స్‌ప్రెస్ సిగ్నల్ స్తంభానికి కాస్త ముందు నిలబడింది.

అతను జారి దిగి, అలవాటు కొద్దీ పొదల్లో దాక్కున్నాడు.

"ఎవడ్రా పొదల్లో?" మామగారి గొంతు. "రండి బయటికి! చూశారుగా, ఆగాను!"

ఇంజన్ దిగొచ్చి ఆయనే పొదలు పక్కకి తోశాడు. అల్లుణ్ణి చూశాడు. కోపం రావలసిన మొహంలో ముందు ఆశ్చర్యం, తర్వాత ఇంకేదో కనిపించాయి. లూప్‌లైన్ గడ్డాన్ని జేబులో కుక్కి, సంకెలను చొక్కా చేతిలోకి తోసేశాడు.

"నువ్వా?"

"డ్యూటీ, మావయ్యా."

"ఇవాళా?"

మలుపవతల క్రేను గర్జిస్తోంది. చీఫ్ వచ్చేశాడు. ట్యాంకరు తప్పుకోవాలంటే ఇంకాస్త సేపు పడుతుంది. అప్పటిదాకా బండి కదలకూడదు, ఎందుకో చెప్పకూడదు. లూప్‌లైన్‌కి తెలిసిన దారి ఒక్కటే.

"మావయ్యా, మీ రెండో జత కళ్ళజోడు చూపించండి."

"ఏంటీ?"

"రూలు కదా. డ్రైవరు దగ్గర రెండో జత ఉండాలి."

ఆయన చూపించాడు. టార్చి అడిగాడు, చూపించాడు. ఎర్రజెండా అడిగాడు, విప్పి చూపించాడు. కిటికీల్లోంచి జనం, "ఏమైందండీ? ఎవరీ మనిషి?" అని కేకలు. రూలు పుస్తకంలో వెలగని సిగ్నల్ గురించి ఏముందో చెప్పమన్నాడు. తన కూతుర్నిచ్చిన అల్లుడి ముందు ఆ పెద్దమనిషి బడిపిల్లాడిలా నిలబడి అప్పజెప్పాడు. ఒక్క అక్షరం తప్పలేదు.

క్రేను హారన్ మోగింది.

"వెళ్ళండి మావయ్యా. మెల్లగా."

ఆయన ఇంజనెక్కాడు. ఎక్స్‌ప్రెస్ గేటు దగ్గరికి పాకుతూ వచ్చేసరికి గేటు పడి ఉంది, పట్టాలు ఖాళీగా ఉన్నాయి. అటువైపు తారుమీద క్రేను వెనక ఒక ట్యాంకరు, ఏ రోడ్డు మీదైనా కనబడేలాంటిది.

మేడమ్ కారు అవతల ఊరి మలుపులో దొరికింది. రోడ్డు వాళ్ళు గొయ్యి తవ్వి, బోర్డు పెట్టకుండా వెళ్ళిపోయారు. కారు ముందు సగం అందులో ఉంది. ఆ రోడ్డు అద్భుతంగా ఉందని కిందటి నెల సర్టిఫికెట్టిచ్చింది ఆవిడే.

"శభాష్," అన్నాడు చీఫ్, సంకెల కోయిస్తూ. "నీకు పతకం ఖాయం. మా బీరువాలోనే ఉంటుందనుకో. సిగ్నల్ పగలగొట్టినందుకు మీ రైలు విభాగం సస్పెండ్ చేస్తుంది. దానికి మాత్రం నేనేం చెయ్యలేను."

సాయంత్రం ఇంటినిండా జనం. మామగారి తోటి డ్రైవర్లు దండలేసి, చివరి డ్యూటీ కథ చెప్పమన్నారు. ఆయన చెప్పాడు, దాచకుండా చెప్పాడు. అందరూ ఒకేసారి అల్లుడి వంక తిరిగారు. భార్య మంచినీళ్ళ గ్లాసు అతని ముందు ఠక్కున పెట్టి, మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది. ఆ ఒట్టు మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి నాలుగు దులిపేసినా బాగుండేది.

జనం వెళ్ళిపోయాక మామగారు పక్కకొచ్చి కూర్చున్నాడు.

"నాకొకటి చెప్పు. నేను ఆగకపోతే ఇవాళ ఏం కొంప మునిగేది?"

మునిగే కొంపలన్నీ లూప్‌లైన్ కళ్ళముందు తిరిగాయి. అందులో మొదటిది తను కూర్చున్న ఈ ఇల్లే.

"ఏం లేదు మావయ్యా. ఆగుతారో లేదో చూద్దామని."

"ఆగానుగా?"

"ఆగారు." తల దించుకున్నాడు.

ముసలాయన ఆ దించిన తలను చూసి జాలిపడ్డాడు. భుజం తట్టాడు.

"ఆగుతాను మరి. నేను ఆగకపోతే, నీ ఉద్యోగం ఏమైపోయేది!"