ఒకటి లోపు తేడా

"ఇది నా ఎరుపు కాదు," అంది థియా జింక్.

గొంతు పెంచలేదు. అయినా కౌంటర్ వెనక నిలబడ్డ ఆర్చీ కోర్కమ్‌కి చెంప మీద కొట్టినట్టయింది. బయట కెనడా తీరంలోని లూనెన్‌బర్గ్ రేవు మీద జూన్ వాన దంచుతోంది. ఆమె గొడుగు లేకుండా వచ్చింది. తల మీంచి నీళ్లు కారుతున్నాయి. నమూనా కార్డూ, ఉన్ని కట్టా మాత్రం కోటు లోపల దాచుకుని పొడిగా తెచ్చింది. మనిషి తడిసినా ఫరవాలేదు, సరుకు తడవకూడదనుకునే రకం.

థియా ఊరి చివర షెడ్డులో ఉన్నికి రంగులు అద్దుతుంది. శరదృతువులో జరిగే ఉన్ని సంతలో తన రంగుల ఫొటోలున్న కార్డులు పంచుతుంది. వాటిని ఇంటికి పట్టుకెళ్లినవాళ్లు చలికాలమంతా కార్డు చూసుకుని పోస్టులో ఉన్ని తెప్పించుకుంటారు. కిందటేడు ఆ కార్డులు ఇంట్లో ప్రింటర్ మీద తీసుకుంది. ఎరుపు అడిగితే ఇటుక పంపావేమని సగం పార్శిళ్లు తిరిగొచ్చాయి. అందుకే ఈసారి మిసెస్ మోషర్ ఫొటో ప్రింటింగ్ షాపుకి ఫొటోతో పాటు ఉన్ని ముక్క పోస్టులో పంపి నమూనా కార్డు తెప్పించుకుంది, అది పట్టుకుని ఇవాళ మెట్లెక్కింది. ఆ షాపులో రంగు తప్పదని ఆ తీరమంతా పేరు. పేరు తెచ్చింది ఆర్చీ.

ఆర్చీ గుప్పెట్లో పట్టే కొలత పరికరం తీసి ఉన్ని మీద ఒకసారి, కార్డు మీద ఒకసారి ఆనించాడు. అంకెలు చూసి స్థిమితపడ్డాడు.

"తేడా ఒకటి లోపేనండీ. ఒకటి లోపు తేడా మనిషి కంటికి ఆనదు."

"నా కంటికి ఆనింది."

"మిషన్ అబద్ధం చెప్పదండీ."

"అంటే నేను చెబుతున్నానా?"

ఆమె అతని మోచెయ్యి పట్టుకుని తిన్నగా కిటికీ దగ్గరికి నడిపించుకెళ్లింది. పరిచయమై పది నిమిషాలు కాలేదు, చెయ్యి పట్టుకోవడమేమిటని అతను అనుకునే లోపే కార్డూ కట్టా పక్కపక్కన పెట్టి వెలుతురులోకి ఎత్తింది. ఇప్పుడు చూడమంది. కార్డు గులాబీలోకి పోయిందంది, గుడ్డివాడికైనా కనబడుతుందంది.

ఆర్చీ చూశాడు. అతనికి రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

ఎందుకంటే అతనికి ఎరుపూ ఆకుపచ్చా పుట్టుకతోనే తెలియవు. సంగతి మిసెస్ మోషర్‌కి తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. పనిలో చేరిన రోజున అతనే చెప్పుకుంటే, కొలిచింది చెప్పు, కనబడనిది మాట్లాడకు అని ఆ పెద్దావిడ తేల్చేసింది. అతను అలాగే చేశాడు. కంటిని నమ్ముకునేవాళ్లు బద్ధకించే చోట అతను కొలిచాడు. వారం వారం మానిటర్ కొలిచాడు, కొత్త కాగితం వచ్చిన ప్రతిసారీ కొలిచాడు. ఆరేళ్లలో ఒక్క ఫొటో వెనక్కి రాలేదు. ఈ పని తప్ప అతనికి మరో పని మీద మనసు లేదు. రంగులు తెలియని వాడి దగ్గర ఫొటోలు వేయించుకుంటున్నామని ఊరికి తెలిస్తే ఈ మెట్లు ఎవరెక్కుతారన్నదే అతని భయం.

"అవునండీ, తేడా ఉంది," అన్నాడు.

అది అతను ఆమెకి చెప్పిన మొదటి అబద్ధం.

కారణం మాత్రం నిజాయితీగానే వెతికాడు, రెండు రోజుల్లో పట్టుకున్నాడు. షాపు దీపం కింద కలిసిన రంగులు పగటి వెలుతురులో విడిపోతున్నాయి. ప్రింటర్ సిరా ఒకటి, ఆమె ఉన్నికి అద్దే మంజిష్ఠ వేళ్ల రంగు ఇంకొకటి. పైగా ఆ కాగితంలో తెల్లదనం కోసం కలిపిన మందు పగటి వెలుతురు తగలగానే నీలంగా మెరుస్తుంది. తప్పు మిషన్‌ది కాదు, ఆమె కంటిదీ కాదు, దీపానిదీ కాగితానిదీ. ఆ మాట ఫోన్లో ఆమెకి చెప్పాడు. నా కన్ను బాగానే ఉందన్నమాట అని అవతల ఒక నవ్వు వినిపించింది. ఆ నవ్వు కోసం ఇంకో నాలుగు కాగితాలు పరీక్షించవచ్చనిపించింది ఆర్చీకి.

అలా మంగళవారాలు మొదలయ్యాయి. ప్రతి మంగళవారం థియా కొత్త కట్టలు తెచ్చేది, అతను మందు కలపని కాగితాల మీద నమూనా ముక్కలు ప్రింటు తీసేవాడు. జులై వచ్చేసరికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఎవరు ముందు మొదలుపెట్టారని మిసెస్ మోషర్ ఆరా తీస్తే ఇద్దరూ రెండోవాళ్ల మీదికి తోసేశారు.

ఒకరోజు ఆమె ఫొటోలు సరిచేసుకునే చోటు చూద్దామని అతను షెడ్డుకి వెళ్లాడు. చూసి తల పట్టుకున్నాడు. చుట్టూ నారింజ రంగు గోడలట. మిలమిల మెరిసే లాప్‌టాప్, వెలుగు చివరిదాకా పెంచి పెట్టింది. దాని ముందు ఒళ్లంతా కప్పే స్వెటర్‌తో థియా. పరికరం తీసి ఆమె స్వెటర్ చేతి మీద ఆనించాడు.

"ముప్పై ఎనిమిది, యాభై తొమ్మిది, నలభై," అని దాని మీది అంకెలు చదివాడు. "మంచి ముదురు ఎరుపు. ఇది వేసుకుని తెర ముందు కూర్చుంటే నీ స్వెటర్ తెరలో పడుతుంది. ఫొటోలో ఎరుపు ఎక్కువైందనుకుని నువ్వు తగ్గిస్తావు."

"నా స్వెటర్‌ని అందరూ బాగుందంటారు. నంబరు చెప్పినవాడివి నువ్వే."

"బాగుంది కూడా," అన్నాడు. అది రెండో అబద్ధం. స్వెటర్ అతనికి తడిమట్టిలా ఉంది. బాగున్నది దానిలో ఉన్న మనిషి.

మెరిసే లాప్‌టాప్ పక్కన పెట్టించి, మెరుపు లేని మానిటర్ ఒకటి ఎంపిక చేశాడు. వెలుగు సగానికి దించాడు. తెర అంత కాంతిగా ఉంటే కాగితం మీద ఫొటో ఎప్పుడూ చీకటిగానే కనబడుతుందన్నాడు. ఆమె పాత ప్రింటర్ గుట్టు కూడా విప్పాడు. రంగు సరిచేసే పని కంప్యూటరూ చేస్తోంది, ప్రింటరూ చేస్తోంది. ఒకే కూరలో ఇద్దరు ఉప్పేసినట్టు. కిందటేటి ఇటుక అలా వచ్చింది. ఇద్దరిలో ఒకరి నోరు మూయించాలన్నాడు.

గోడలకి ఇద్దరూ కలిసి బూడిద రంగు వేశారు. థియా నాన్న ఎల్విన్ స్కాలప్ ఆల్చిప్పలు పట్టే పడవ నడుపుతాడు. వేట నుంచి వచ్చి షెడ్డులోకి తొంగి చూసి, పడవ అడుగున ఉన్నట్టుందే అమ్మాయ్ అన్నాడు. ఆర్చీని పైనుంచి కిందికి చూశాడు. చేపల సూపు ఒక గిన్నె చేతిలో పెట్టాడు కానీ పేరు అడగలేదు. ఆ తర్వాత కూడా ఇంట్లో అతన్ని 'ఆ ప్రింట్ల కుర్రాడు' అనే అనేవాడట.

ఆగస్టు చివర్లో ఒక సాయంత్రం ముసురు పట్టింది. కార్డులన్నీ కుదిరాయి, సంతకి పెద్ద మొత్తంలో అద్దాల్సిన ఎరుపు ఒక్కటే మిగిలింది. షెడ్డులో పసుపుపచ్చ బల్బు కింద థియా రెండు కట్టలు పట్టుకుని నిలబడింది. మంజిష్ఠ నీళ్లు కాస్త ఎక్కువ వేడెక్కితే ఎరుపు కాస్తా గోధుమలోకి తిరుగుతుంది. పొద్దుట్నుంచీ రంగు చూసి చూసి తన కళ్లు పని చెయ్యడం లేదని, కార్డుకి ఏది దగ్గరో చెప్పమని అడిగింది.

పరికరం షాపులో ఉండిపోయింది. రేపు కొలిచి చెబుతానంటే సరిపోయేది. కానీ ఆమె, నీ కన్ను మీద నాకు నమ్మకం ఆర్చీ, అంది. ఆ మాట విన్నాక తెలియదని చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

"ఎడమది," అన్నాడు.

మంగళవారం అతను వెళ్లేసరికి వాన వెలిసి ఎండ కాస్తోంది. షెడ్డు వెనక దండెం మీద, ఎడమదానిలాగే అద్దిన నలభై కట్టలు ఆరుతున్నాయి. వాటి ముందు థియా కార్డు పట్టుకుని కదలకుండా నిలబడి ఉంది.

"ఇవి గోధుమరంగు ఆర్చీ. నలభైకి నలభై. ఇంత తేడా నీకెలా కనబడలేదు?"

ముసురు, బల్బు, అలసట అంటూ సాకులు నాలుక చివరిదాకా వచ్చాయి. ఆమె మొహం చూశాక ఒక్కటీ బయటికి రాలేదు.

"నాకు ఎరుపు కనబడదు థియా. ఆకుపచ్చా కనబడదు. పుట్టినప్పటి నుంచీ అంతే. ఆ రోజు నాకు రెండూ ఒక్కలాగే ఉన్నాయి. గుడ్డిగా ఎడమది అన్నాను."

"కిటికీ దగ్గర, మొదటిరోజు?"

"అప్పుడూ కనబడలేదు."

ఆమె కార్డు మడిచి జేబులో పెట్టుకుంది. "కనబడకపోతే తప్పులేదు. కనబడిందన్నావు. నేను నా కళ్లని పక్కన పెట్టి నీ మాట పట్టుకున్నాను," అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆ తర్వాతి మంగళవారం ఆమె రాలేదు. ఆ పై మంగళవారమూ రాలేదు. ఆర్చీ అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు, షాపులో కొలిచిందే మళ్లీ కొలిచాడు. థియా లేకపోతే తను దేనికీ పనికిరానివాడిలా ఉందని మిసెస్ మోషర్ దగ్గర ఒప్పుకున్నాడు. ఆవిడ కళ్లజోడు మీదుగా చూసి, తప్పు నాదీ ఉందబ్బాయ్, మాట్లాడకు అన్నది నేనే అంది.

మర్నాడు పొద్దున షాపు తలుపుకి ఒక కాగితం అంటించాడు. పెద్ద అక్షరాలతో తనే రాశాడు. 'ఇక్కడ మీ ఫొటోలు వేసే ఆర్చీ కోర్కమ్‌కి ఎరుపు, ఆకుపచ్చ తెలియవు. అతను కొలిచి వేస్తాడు. చివరగా పగటి వెలుతురులో చూసుకునే కన్ను మీది.' ఆరేళ్లుగా దేనికి భయపడ్డాడో అది తలుపు మీద వేలాడుతోంది.

ఒక పెళ్లి ఆల్బమ్ వాళ్లు మెట్ల మీదనే వెనక్కి తిరిగారు. బడి టీచరమ్మ చదివి, మరి ఇన్నేళ్లూ ఇంత బాగా ఎలా వేశావయ్యా అని ఆశ్చర్యపోయింది. ఎల్విన్ జింక్ రేవు నుంచి పోతూ ఆగి, పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివి, ఇంటి దారి పట్టాడు.

గంట తర్వాత థియా వచ్చింది.

"ఆ కాగితం ఎవరు పెట్టమన్నారు?"

"ఎవరూ అనలేదు."

"నా కోసమా?"

"నీకు ముందే చెప్పానుగా. ఇది మిగతావాళ్ల కోసం. ఇంకెవరికీ కనబడిందని చెప్పలేను."

ఆమె కౌంటర్ దగ్గరికి వచ్చింది. "మూడు నెలలూ నా కట్టలు చూసి బాగున్నాయి, బాగున్నాయి అన్నావే. అసలు నీకేం కనబడేది?"

"నిజం చెప్పనా? బురద. ఒక్కో కట్ట ఒక్కో రకం బురద."

ఆమె నవ్వకూడదనుకుంది. పెదవి కొరుక్కుంది. ఆగలేదు.

"మరి ఏం చూసి బాగున్నాయన్నావు?"

"నిన్ను చూసి. నువ్వంటే నాకు ప్రాణం థియా. ఇది కొలవకుండానే చెబుతున్నాను."

థియా కళ్లలో తడి చేరింది. చెయ్యి చాపి అతని చెయ్యి పట్టుకుంది. ఈసారి ఎక్కడికీ లాక్కెళ్లలేదు.

"నాకూ అంతే," అంది. "ఇకమీదట తెలియనిది తెలియదను. మిగతాది నేను చూసుకుంటాను."

ఆ నలభై కట్టల్ని పారెయ్యలేదు. గోధుమరంగుకి విడిగా ఒక కార్డు వేశారు. ఎరుపు మళ్లీ మొదలుపెట్టారు. నీళ్ల వేడి అతను చూశాడు, రంగు ఆమె చూసింది. ప్రతి ముక్కనీ అతను మూడు రకాల వెలుతురులో కొలిచాడు, ఆమె కిటికీ దగ్గర చూసి ఔననో కాదనో చెప్పింది. అతని అంకెలు ఔనన్న రెండుసార్లు ఆమె కాదంది, రెండుసార్లూ అతను మళ్లీ వేశాడు.

సంత రోజు ఎండ బాగా కాసింది. తెల్లటి గుడారాల కింద జనం కిటకిటలాడారు. థియా బల్ల ముందు ఆడవాళ్లు కార్డు మీద కట్ట పెట్టి, గుడారం బయటికి తీసుకెళ్లి చూసి, తిరిగొచ్చి కార్డులు సంచుల్లో వేసుకుంటున్నారు. అలా ఒక్కొక్కరు తిరిగొచ్చినప్పుడల్లా థియా ఆర్చీ వంక చూసింది. అతను కట్టలు అందిస్తున్నాడు. ఎల్విన్ వెనక పెట్టె మీద కూర్చుని ఊరబెట్టిన హెర్రింగ్ చేప తింటున్నాడు.

ఒక పెద్దావిడ రెండు కట్టలు ఆర్చీ మొహం మీదికి పెట్టింది. "అబ్బాయ్, మా మనవరాలికి ఆకుపచ్చది కావాలి. ఏదయ్యా ఇందులో?"

ఆర్చీ తల అడ్డంగా ఊపాడు. "నాకు తెలియదండీ. నాకు ఆ రెండూ ఒకటే. ఆమెని అడగండి."

ఆవిడ చుట్టూ చూసి, రంగులమ్మే బల్ల దగ్గర రంగులు తెలియని వాణ్ని ఎవరు పెట్టారమ్మా అంది. థియా నోరు తెరిచే లోపే ఎల్విన్ చేతులు తుడుచుకుని లేచాడు. వచ్చి ఆర్చీ భుజం మీద చెయ్యి వేశాడు.

"రంగుల సంగతి మా అమ్మాయి చూసుకుంటుందమ్మా," అన్నాడు. "ఆర్చీ మావాడు."