మేడిపల్లి మలుపులో నలభై రెండు నిమిషాలు

ఆదివారం పొద్దున్నే అలేఖ్య మెట్లెక్కి వచ్చేసరికి, కరీంనగర్ మంకమ్మతోటలోని ఆ చిన్న ఆఫీసు తలుపు అప్పుడే తెరుస్తున్నారు. హనుమంతు కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"ఓంప్రకాశ్ సార్‌తోని మాట్లాడాలె. జర తొందరగ."

లోపలి గదిలోంచి ఓంప్రకాశ్ బయటికి వచ్చాడు. యాభై దాటిన సన్నని మనిషి. సిరిసిల్ల నేతకారుల ఇంట్లో పుట్టి, పదిహేనేళ్లు ఇన్సూరెన్స్ సర్వేయర్‌గా విరిగిన బండ్లు చూసీ చూసీ, చివరికి సొంతంగా ఈ డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాడు. హనుమంతు ఆర్టీసీలో ముప్పై రెండేళ్లు కండక్టర్‌గా చేసి రిటైరైనవాడు. తన సార్‌కు తెలియని విషయం ఉమ్మడి జిల్లాలోనే ఉండదని అతని నమ్మకం.

"మా బాపు బండితోని ఒకాయనకు టక్కర్ ఇచ్చిండు సార్," అంది అలేఖ్య. "ఇయ్యలేదని మీరు చెప్తరేమోనని వచ్చిన." ఆ మాట తన చెవికే ఎలాగో వినిపించినట్టు తల దించుకుంది.

నెమ్మదిగా విషయం బయటికొచ్చింది. ఆమె కరీంనగర్‌లో జూనియర్ లెక్చరర్. తండ్రి వంశీధర్‌రావు మెట్‌పల్లిలో కొడుకు విక్రాంత్ దగ్గర ఉంటాడు. వయసు అరవై ఏడు. ఇరవై ఏళ్ల నాటి తెల్ల కారొకటి ఆయనకు ప్రాణం. రెండు నెలల కింద విక్రాంత్ ఆ కారులో ఒక పరికరం పెట్టించాడు.

"కొత్త బండ్లకైతే కంపెనీదే ఉంటది సార్. బాపుది పాత బండి గద, మెకానిక్ రాజంతోని డాష్‌బోర్డ్ కింద చిన్న నల్లడబ్బ బిగిపిచ్చిండు. దాంట్ల సిమ్ ఉంటది. బండి యాడున్నది, ఎంత స్పీడున్నది, బ్రేకు గట్టిగ కొట్టిండా, అన్నీ మా ఫోన్లకు వస్తయి. బాపుకు శానా కోపమొచ్చింది. 'నలభై ఏండ్ల సంది నడుపుతున్న, నా మీద కావలా? ప్రతి శనివారం ధర్మపురి పోయొస్త. ఒక్కసారి మీ ఫోన్ మోగినా తాళంచెవి మీ చేతుల పెడ్త' అన్నడు."

"మోగిందా?"

"ఒక్కసారి గూడ మోగలే. డ్రైవింగ్‌కు ఫోన్ల నూటికి తొంభై ఏడు మార్కులు వచ్చినయి. అన్న అందరికీ చూపెట్టుకున్నడు."

నిన్న శనివారం. కోరుట్లలో మరమగ్గాల మీద పనిచేసే సాంబయ్య సైకిల్ మీద పోతుంటే, మేడిపల్లి మలుపు దగ్గర వెనక నుంచి ఒక తెల్ల కారు కొట్టి, క్షణం కూడా ఆగకుండా వెళ్లిపోయింది. అతని కాలు రెండుచోట్ల విరిగింది. ఇప్పుడు కరీంనగర్ ఆస్పత్రిలో ఉన్నాడు. సరిగ్గా పదకొండూ ముప్పై ఎనిమిదికి తండ్రి కారు ఆ మలుపులోనే ఉన్నట్టు ఫోన్ చూపిస్తోంది. కారు ముందు లైటు పగిలి ఉంది.

"మీ బాపు ఏమంటుండు?"

"అన్న ఫోన్ చూపెడితే అవునంటలేడు, కాదంటలేడు. లోపలికి పోయి తలుపేసుకున్నడు." ఆమె గొంతు తగ్గింది. "రేపు పొద్దున దశరథం పోలీస్ స్టేషన్‌కు పోయి తనే నడిపిన అని చెప్తడట. ఆయన మా పొలం పని చూసుకునే మనిషి. అన్న మాట్లాడిండు."

"దశరథం ఒప్పుకున్నడా?"

"వద్దనలే సార్. నేను గూడ వద్దనలే. బాపు జైలుకు పోకుంటే సాలనుకున్న. రాత్రి నిద్రే పట్టలే."

ఓంప్రకాశ్ ఆమె ఫోన్ తీసుకుని చూశాడు. బండి చుక్క పదీ నలభై ఒకటికి మెట్‌పల్లిలో బయలుదేరింది. కోరుట్లలో తొమ్మిది నిమిషాలు ఆగింది. పదకొండూ ముప్పై ఎనిమిదికి మేడిపల్లి మలుపు. అక్కడ నలభై రెండు నిమిషాలు కదలలేదు. తర్వాత వెనక్కి తిరిగి మెట్‌పల్లి. అంతకుముందు శనివారాలన్నీ ఒకేలా ఉన్నాయి. కోరుట్లలో కాసేపు, జగిత్యాలలో ఇరవై నిమిషాలు, ఆ తర్వాత ధర్మపురి.

"హనుమంతన్నా, ఈ డ్రైవింగ్ ఎట్లున్నది?"

హనుమంతు కళ్లజోడు సర్దుకుని చూశాడు. "మస్తుగున్నది సార్. ఎన్నడూ అరవై దాటలే. మా డిపోల గూడ ఇంత పద్ధతిగ నడిపేటోళ్లు తక్కువ."

ఓంప్రకాశ్ చిన్నగా నవ్వాడు. అదే యాప్‌లో ఇంకో పేజీ ఉంది. కదులుతున్న బండిని ఎవరి ఫోన్ ఎంతసేపు చూసిందో దాంట్లో ఉంటుంది. నిన్నటి తేదీ కింద ఒక్క పేరే ఉంది. విక్రాంత్, పదీ యాభై రెండు నుంచి పదకొండూ ముప్పై ఎనిమిది వరకు.

"అన్న ఎప్పుడూ అదే చూస్తుంటడు సార్. బాపు అంటే ఫికర్," అంది అలేఖ్య.

మధ్యాహ్నానికి ముగ్గురూ మెట్‌పల్లి చేరారు. షెడ్డులో పాత కారు శుభ్రంగా తుడిచి ఉంది. ఓంప్రకాశ్ దాని ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. పగిలింది కుడివైపు లైటు. పగుళ్లలో తెల్లటి సున్నం ఇరుక్కుని ఉంది. డ్రైవర్ తలుపు లోపల రాజం అతికించిన ఆయిల్ మార్పు కార్డు ఉంది. డబ్బా బిగించిన రోజు తేదీ, ఎనభై నాలుగు వేల మూడు వందల పది కిలోమీటర్లు అని దాని మీద రాసి ఉంది. ఇప్పుడు మీటరు ఎనభై నాలుగు వేల మూడు వందల నలభై ఆరు చూపిస్తోంది. ఆ రెండంకెలూ హనుమంతు పుస్తకంలో రాసుకున్నాడు.

వరండాలో వంశీధర్‌రావు పడక్కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. దశరథం చాయ్ తెచ్చి ఆయన కుడిపక్క స్టూలు మీద పెట్టాడు. ఆయన చూడలేదు. దశరథం గ్లాసును చప్పుడు చేస్తూ కొంచెం జరిపాక, తల పూర్తిగా తిప్పి చేత్తో వెతికి అందుకున్నాడు.

"నిన్న ధర్మపురికి బయలెల్లింది మీరేనా సార్?" అడిగాడు ఓంప్రకాశ్.

"నేనే."

"కారులనేనా?"

ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. "డబ్బ చెప్తలేదా? నన్నెందుకడుగుతవు?"

గేటు దగ్గర ఇంకో తెల్ల కారు ఆగింది. విక్రాంత్ దిగాడు. నలభై ఏళ్లవాడు, విత్తనాల డీలరు. మర్యాదగానే మాట్లాడాడు.

"నిన్న ఒంటిగంట దాకా షాపులనే ఉన్న సార్. ఫోన్ చూసింది సాయంత్రం. చూసినంక నా కాళ్లు చేతులు ఆడలే. గీ ముచ్చట బయటికి పోకుంట చూడుండ్రి."

ఓంప్రకాశ్ అతని కారు పక్కనుంచి నడిచి వచ్చాడు. బండి మూడు నాలుగేళ్లది. వెనక చూసుకునే కుడివైపు అద్దం ఎండకు వెలిసిపోయి ఉంది. ఎడమవైపుది కొత్తది. దాని మీది ప్లాస్టిక్ పొర ఇంకా తీయలేదు.

అక్కడినుంచి రాజం షెడ్డుకు వెళ్లారు. రాజం చేతులు తుడుచుకుంటూ అడిగినవాటికల్లా జవాబు చెప్పాడు.

"పాత బండ్లకు ఇది ఎక్కిచ్చే జాగనే ఉండది సార్. బ్యాటరీకెళ్లి వైరు గుంజి పిన్ను పెట్టిన. డబ్బల సొంత బ్యాటరీ గూడ ఉంటది, ఐదారు గంటలు నడుస్తది. పిన్ను పీకితే ఫోన్ మోగాలె. కాని పాత బండి బ్యాటరీ ఊకె దిగుతది, ఊకె మొత్తుకుంటదని ఆ అలారం బంద్ చేసిన."

"అది ఎవరికి తెలుసు?"

"పెద్దసారుకు చెప్పిన. ఆయన రెండుమూడు సార్లు మల్లమల్ల అడిగిండు."

బయటికి రాగానే ఓంప్రకాశ్ హనుమంతు చెవిలో రెండు ముక్కలు చెప్పాడు. హనుమంతు కళ్లు పెద్దవయ్యాయి. "నాకెందుకు తట్టలే సార్!" అంటూ తన పాత డిపో మిత్రులను కలవడానికి వెళ్లాడు.

సోమవారం ఉదయం దశరథం ఉతికిన చొక్కా వేసుకుని, స్టేషన్‌కు వెళ్లడానికి సిద్ధమై హాలు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఓంప్రకాశ్ అతన్ని లోపలికి పిలిచి కూర్చోమన్నాడు. దశరథం కూర్చోలేదు. వంశీధర్‌రావు, విక్రాంత్, అలేఖ్య, రాజం అందరూ ఉన్నారు. హనుమంతు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"డబ్బ అబద్ధం చెప్పలే," అని మొదలుపెట్టాడు ఓంప్రకాశ్. "తను యాడున్నదో అదే చెప్పింది. అది కారులనే ఉన్నదని మనం అనుకున్నం. ధర్మపురికి పోయొస్తె నూటముప్పై కిలోమీటర్లకు తక్కువుండదు. రెండు నెలలల్ల ఎన్ని శనివారాలు? కాని ఈ కారు తిరిగింది ముప్పై ఆరు కిలోమీటర్లు. లైటు పగిలింది కుడిదిక్కు, దాంట్ల సున్నమున్నది. ఇంటి గేటు దిమ్మె మీద గీత గూడ ఉన్నది. రోడ్డుకు ఎడమ అంచుల పోతున్న సైకిల్‌కు కుడి లైటు తాకది."

రాజం కిటికీలోంచి గేటు వైపు తొంగి చూశాడు.

"కోరుట్లల తొమ్మిది నిమిషాలు, జగిత్యాలల ఇరవై నిమిషాలు ఆగేది ఏ బండి? మా హనుమంతన్న దాని డ్రైవింగ్‌ను మెచ్చుకున్నడు. మెచ్చుకోడా మరి, అది ఆర్టీసీ బస్సు. వంశీధర్‌రావు సార్ ప్రతి శనివారం పిన్ను పీకి, డబ్బను సంచిల పెట్టుకుని బస్సెక్కుతుండు."

"బాపూ!" అంది అలేఖ్య.

వంశీధర్‌రావు నేలను చూస్తూ మాట్లాడాడు. "కుడికన్ను సగం పోయింది బిడ్డా. డబ్బ పెట్టినంక రెండుదినాలకే గేటుకు కొట్టిన. డాక్టర్ ఇగ బండి ముట్టొద్దన్నడు. ఆనాటి సంది లైటు ఎవ్వలకు కనవడకుంట షెడ్డు తలుపేసి పెట్టిన. అన్ని మాటలని... తాళంచెవి మీ చేతుల ఎట్ల పెట్టాలె? నా ముఖం చెల్లలే."

"మార్కులు బస్సు డ్రైవర్‌కు వచ్చినయన్నమాట," అని గొణిగిన హనుమంతు, సార్ చూపు చూసి ఊరుకున్నాడు.

"ఇగ ఆ నలభై రెండు నిమిషాలు," అన్నాడు ఓంప్రకాశ్. "కొట్టిన కారు క్షణం గూడ ఆగలే. డబ్బ ఆగింది. బస్సు ఆపి అందరు దిగి చూసిండ్రు. ఒక పెద్దమనిషి మళ్ల బస్సెక్కలేదని, దెబ్బతిన్నాయన తల వొడిల పెట్టుకుని అంబులెన్స్ వచ్చేదాక రోడ్డు మీదనే కూసున్నడని కండక్టర్ చెప్పిండు. ఆ పెద్దమనిషి తప్పు చేయలే. మరి ఇంట్ల నింద పడ్డప్పుడు నేను బస్సుల ఉన్ననని ఎందుకు చెప్పలే? కన్ను సంగతి దాసుకునేటందుకే అయితే మనిషి ఇంత మోయడు. ఎవరినో కాపాడుతుండు."

అతను విక్రాంత్ వైపు తిరిగాడు.

"శనివారం ఒంటిగంట దాకా షాపుల ఉన్నరు, ఫోన్ సాయంత్రం చూసిన్రు. అట్లనే చెప్పిన్రు. పదీ యాభై రెండు నుంచి పదకొండూ ముప్పై ఎనిమిది దాక మీ ఫోన్ల ఆ చుక్క కదులుతనే ఉన్నది. సరిగ్గ టక్కర్ అయిన నిమిషానికి చూసుడు ఆగింది. మీ కారు ఎడమ అద్దం శనివారంనాడే కోరుట్లల మార్పించిండ్రు. ఆ షాపాయన నిన్న హనుమంతన్నకు చెప్పిండు."

విక్రాంత్ మొహం పాలిపోయింది. "బాపు శనివారం శనివారం యాడికి పోతుండో చూద్దామని వెనకబడ్డ," అన్నాడు ఎలాగో. "చుక్క నా ముందరనే ఉన్నది. బండి కనవడ్తలేదు. ముందర బస్సొక్కటే ఉన్నది. డబ్బ ఖరాబైందా అని ఫోన్ దగ్గర పెట్టుకుని చూస్తున్న... సైకిల్ చూడలే. భయమైంది. బస్సును దాటుకుని పోయిన."

"పోయిండ్రు. అది భయం అనుకుందాం," అన్నాడు ఓంప్రకాశ్. అతని గొంతు పెరగలేదు. "ఆ మలుపుల మీ బాపు బండి లేదని మీ కండ్లతోని చూసిండ్రు. అయినా సాయంత్రం ఇంటికొచ్చి, పగిలిన లైటు కనవడంగనే ఆయన ముందర ఫోన్ పెట్టిండ్రు. ఆయన తప్పు లేదని తెలిసీ."

విక్రాంత్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

వంశీధర్‌రావు లేచి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్లి, గుడ్డలో చుట్టిన విరిగిన కారు అద్దం తెచ్చి బల్ల మీద పెట్టాడు. దాని మెడకు కొండగట్టు అంజన్న గుడి ఎర్రదారం కట్టి ఉంది.

"విక్రాంత్ బండి కొన్ననాడు నేనే కట్టిన. రోడ్డు మీద చేతికి దొరికింది. కండ్లు సరిగ కనవడకున్నా ముడి గుర్తుపట్టిన." దశరథం వైపు చూడబోయి చూడలేకపోయాడు. "నిన్ను స్టేషన్‌కు పంపుతరని గూడ ఇన్న దశరథం. ఇని ఊకున్న. నా కొడుకు బయటపడితే సాలనుకున్న."

దశరథం చొక్కా గుండీ తడుముకుంటూ, "పోనీయుండ్రి దొరా," అన్నాడు. ఆ మాటకు హాలులో ఒక్కరూ తలెత్తలేదు. అలేఖ్య లేచి వెళ్లి అతని ముందు నిలబడింది.

పదిగంటలకు విక్రాంత్ స్టేషన్‌లో తన పేరుతోనే వాంగ్మూలం ఇచ్చాడు. రాసుకుంటున్న కానిస్టేబుల్ ప్రతి వాక్యాన్నీ గట్టిగా తిరిగి చదివాడు. విక్రాంత్ ప్రతిదానికీ అవునన్నాడు.

సాయంత్రం కరీంనగర్ ఆస్పత్రిలో, తండ్రి చేయి పట్టుకుని అలేఖ్య వార్డులోకి వచ్చింది. ఆయనే రావాలన్నాడు. ఓంప్రకాశ్, హనుమంతు గుమ్మం దగ్గర ఆగిపోయారు. మంచం మీద సాంబయ్య కట్లతో నిద్రపోతున్నాడు. పక్కనే అతని భార్య నర్మద కూర్చుని ఉంది. వంశీధర్‌రావును చూడగానే గబుక్కున లేచింది.

"మీరే గద సారూ! అంబులెన్సుల ఎక్కిచ్చేటప్పుడు నేనచ్చిన, మీ అంగీ నిండా మా ఆయన నెత్తురే ఉండె. మీ పేరన్న అడుగలేకపోతిని. రెండు దినాలసంది అందరినీ అడుగుతున్న." ఆమె వంగి ఆయన పాదాలు ముట్టుకోబోయింది.

ఆయన వెనక్కి అడుగువేసి మంచానికి తట్టుకున్నాడు. "మొక్కకమ్మా. ఆ కారు నా కొడుకుది. నాకు ఆడనే తెలిసింది. తెలిసీ దాసిపెట్టిన."

నర్మద చేతులు అలాగే జోడించి ఉన్నాయి. తర్వాత మెల్లగా దిగాయి. ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. తిడుతుందేమోనని అలేఖ్య కళ్లు మూసుకుంది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

నర్మద కిటికీలోని ఖాళీ సీసా అందుకుంది.

"నీళ్లు తెస్త," అంది ఎవరి వైపూ చూడకుండా. "లేస్తె కాలు కదిలిస్తడు. నేనచ్చేదాక జర పట్టుకోండ్రి."

ఆమె వెళ్లిపోయింది. మంచం పక్కన స్టూలు ఖాళీగా ఉంది. వంశీధర్‌రావు దాని మీద కూర్చోలేదు. సాంబయ్య కాలి దగ్గర వంగి, కట్టు కదలకుండా రెండు చేతులూ ఆనించి, ఆమె తిరిగి వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు.