ఆఖరి రీలు చూడని దాలమ్మ

జగన్నాధం పొద్దున్నే చద్దన్నం ముందు కూర్చుని ఒక్కడే నవ్వుకుంటున్నాడు. ఉల్లిపాయ కొరికి నవ్వుతాడు. మజ్జిగ పోసుకుని నవ్వుతాడు. మీసానికి మెతుకు అంటుకున్న సంగతి కూడా తెలియలేదు.

పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్న దాలమ్మకి మొగుడి నవ్వు చూస్తుంటే ఒళ్ళు మండిపోయింది.

"ఏటయ్యా ఆ నవ్వు? ఒక ఆడకూతురు బతుకు బుగ్గయిపోతే నీకు నవ్వొస్తన్నాదా?"

"బుగ్గవడమేటే? నిన్న ఆటలో ఆ పిల్ల మొగుణ్ణి గరిటెతో కొట్టినకాడ తలుసుకుని నవ్వుతన్నాను."

"కొట్టడానికి మొగుడేడీ? సచ్చిపోనాడు కదా."

జగన్నాధం ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

కోతలయ్యాక ఆమదాలవలసలో స్టేషను అవతల డేరా సినిమా దిగింది. బొమ్మ పాతది, యుద్ధం రోజుల నాటిది. పెళ్ళిచూపులకని సెలవు మీద వచ్చిన ఒక సిపాయి, విమానాల భయానికి దీపాలకి నల్లకాగితం కట్టిన చీకట్లో తప్పుడింట్లోకి దూరిపోతాడు. ఆ ఇంటి పిల్ల అతన్ని కొత్త వంటవాడనుకుని పొయ్యి ముందు కూర్చోబెట్టేస్తుంది. అతను అన్నం మాడుస్తాడు, పప్పులో ఉప్పుకి బదులు పంచదార వేస్తాడు, ఎట్టకేలకి ఆ పిల్ల మెడలోనే పుస్తె కట్టి యుద్ధానికి వెళ్ళిపోతాడు. ఇంతవరకూ జగన్నాధం ఇంట్లో ఎవరికీ పేచీ లేదు.

పేచీ అంతా ఆ తరవాతే. కళ్ళంలో ధాన్యం రాశి ఉండగా ఇంటికి తాళమేసుకుని అందరూ సినిమాకి పోయే అలవాటు వాళ్ళకి లేదు. సగం మంది ఒకరోజు, మిగతా సగం మర్నాడు. మొదటిరోజు దాలమ్మ, ఆవిడ కూతురు చిన్నతల్లి చూసొచ్చారు. మర్నాడు జగన్నాధం, అతని తల్లి తవిటమ్మ, దాలమ్మ తమ్ముడు నరసింగరావు వెళ్ళారు. డేరా ఒకటే, బొమ్మ ఒకటే. ఇంటికొచ్చిన కథలు మాత్రం రెండు.

"తంతి వచ్చింది, యుద్ధంలో పోనాడని," అంది దాలమ్మ. "అది సదివి పిల్ల కూలబడిపోనాది. ఆ పిల్ల మీదే శుభం అని పడింది. ఏటి శుభం? ఆ రాసినోడికి కళ్ళు నేవా?"

"తరవాత ఆడు తిరిగొస్తాడే. తంతి ఇంకొకడి గురించి వచ్చింది. మళ్ళీ చీకట్లోనే వస్తాడు. దొంగనుకుని ఆ పిల్ల గరిటెట్టి నెత్తి మీద ఒకటేస్తాది."

వాకిట్లో ఎండకి కూర్చున్న తవిటమ్మ కూడా తన తీర్పు చెప్పింది. "నాకైతే పాటలు బాగున్నాయి. పిల్లకే, జడ పొట్టి."

"నువ్వు పేర్లు పడతన్నప్పుడే గుర్రెట్టావు కదమ్మా."

"కళ్ళు మూసుకుంటే పాట బాగా ఇనపడతాదిరా. అయినా యుద్ధమప్పుడు మేం నిజంగానే దీపాలకి నల్లకాయితం కట్టాం. నాకు సినిమాలో సూడాలేటి?"

అప్పుడే నరసింగరావు లోపలికొచ్చాడు. సంగతి విని అరుగు మీద కూలబడి పడీ పడీ నవ్వాడు. "అప్పా, మీరెళ్ళిన రోజు ఆఖరి రీలు పెట్టె రైల్లోంచి దిగనేదట. జనం గోల సేస్తారని డేరావోడు శుభం పలక ఏసీసి, లైట్లు ఎలిగించీసి అందర్నీ ఇంటికి తోలీశాడు. పెట్టె నిన్న పొద్దుటి బండికొచ్చింది. నిజం సెప్తన్నాను."

నిజం చెప్తున్నానని నరసింగరావు అన్నాడంటే ఆ ఊళ్ళో ఎవరైనా రెండడుగులు వెనక్కి వేస్తారు. అక్కడే వచ్చింది చిక్కు.

"మజ్జిగలో ఉప్పు ఏసుకోకూడదని రేడియోలో సెప్పారని నా సేత నెల్లాళ్ళు సప్పటి మజ్జిగ తాగించినోడివి నువ్వు," అంది దాలమ్మ. "బావా బావమరుదులు దారిలో కూడబలుక్కుని వచ్చారు. నాకు తెలవదనుకున్నారా?"

"ఓలప్పా, ఈసారి నిజమే. ఈవేళ ఆఖరాట, పద, నేనే తీసుకెళ్తాను."

"నేను రాను. ఒక పాలి ఏడిసింది సాలు."

ఇది ఒట్టి సినిమా గొడవైతే చద్దన్నంతో పాటే అరిగిపోయేది. కానీ ఆ మధ్యాహ్నమే జగన్నాధం చెల్లెలు దానమ్మ, కళింగపట్నం దగ్గరి వాళ్ళ ఊరి నుంచి తాంబూలాలు పట్టుకుని వస్తోంది. ఆవిడ కొడుకు సోములు మిలట్రీలో ఉన్నాడు. సెలవు అయిపోవచ్చింది. ఈవేళ తాంబూలాలు మార్చుకుంటే, మళ్ళీ సెలవుకి వచ్చినప్పుడు చిన్నతల్లితో పెళ్ళి. సినిమాకి వెళ్ళేదాకా అల్లుడూ అల్లుడూ అని చేగోడీలు వేయించి పెట్టింది దాలమ్మే. సినిమా చూసొచ్చాక ఒక రోజంతా నోరు మెదపలేదు. ఇవాళ తేల్చేసింది.

"మీ సెల్లి వస్తే సెప్పీ. నా పిల్లని మిలట్రీవోడికి ఇవ్వను."

"నిన్న పిల్లనడిగి మాట పంపించీశానే. ఇప్పుడు కాదంటే నా సెల్లి మొహం ఎలా సూడను?"

"నా కూతురు తంతి పట్టుకుని కూలబడితే, దాని మొహం నేనెలా సూడను?"

జగన్నాధం చెయ్యి కడుక్కున్నాడు. సగం అన్నం గిన్నెలోనే ఉండిపోయింది. తలుపు వారన నిలబడి చిన్నతల్లి అంతా వింటోంది.

ఎండ నెత్తికెక్కేసరికి దానమ్మ, సోములు వచ్చారు. సోములు గుమ్మం నెత్తికి తగలకుండా తల వంచి లోపలికొచ్చి, తాటిబెల్లం మూట అత్త ముందు పెట్టాడు. దాలమ్మ దాన్ని ముట్టుకోలేదు.

"సోములూ, నీ మీద నాకు కోపం నేదు. నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని. కానీ పిల్లనివ్వను."

దానమ్మ చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది. "అదేటొదినా? తాంబూలం గుమ్మంలోకి వచ్చినాక సెప్తన్నావా?"

"నీ కొడుకు తిరిగొస్తాడని రాసిస్తావా? నువ్వు సెప్పు సోములూ. వస్తానని మాటిస్తావా?"

వస్తానని ఒక్క ముక్క అంటే పనైపోతుందని అక్కడున్న అందరికీ తెలుసు. నరసింగరావైతే అనరా, అనెయ్యరా అని వెనక నుంచి కళ్ళతో సైగ చేస్తున్నాడు కూడా.

"ఇవ్వలేనత్తా," అన్నాడు సోములు. "అది నా సేతిలో నేదు. రాడానికే సూస్తాను. అంతకన్నా సెప్తే అబద్ధమైపోద్ది."

దాలమ్మ లేచి, గోడకి చేరేసిన చేట తీసుకుని కళ్ళం వైపు వెళ్ళిపోయింది.

కళ్ళంలో గాలి బాగానే ఉంది. దాలమ్మ ధాన్యం చేటకెత్తి తూర్పారబడుతోంది. గింజలు కాళ్ళ దగ్గర పడుతున్నాయి, పొల్లు ఎగిరిపోతోంది. చిన్నతల్లి వచ్చి, ఎదురుగా రాశి పక్కన కూర్చుంది.

"అమ్మా, ఆ బొమ్మ నేనూ నీ పక్కనే కూకుని సూశాను."

"తెలుసు."

"మావయ్య సెప్పే ఆఖరి రీలు నేనూ సూడనేదు. నాకూ తంతి కాడే ఐపోనాది."

"అయితే ఏటంటావు?"

"మర్నాడు పొద్దున్న నాన్న నన్నడిగాడు, సోములుకి మాట పంపించీమంటావా అని. పంపించీమన్నాను. తిరిగొచ్చింది సూసి కాదమ్మా. తంతి సూసే అన్నాను."

చేట ఆగిపోయింది.

"బావ వస్తాడో రాడో నాకూ తెలవదు. నాకూ భయమే," అంది చిన్నతల్లి. "కానీ ఆ రోజంతా ఒకటే అనుకున్నాను. తంతి సదివినాక ఆ పిల్లని ఎవరైనా అడిగితే, ఈ ఏడుపు తీసీస్తాం, ఆడొండిన మాడన్నం తిన్న రోజులు ఎనక్కిచ్చీ అని, అదిచ్చీదేటి? నేనైతే ఇవ్వను."

దాలమ్మ కూతురి మొహంలోకి చూసింది. ఆ రోజు డేరాలో తను కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే, ఈ పిల్ల కళ్ళార్పకుండా తెరకేసి చూస్తూ కూర్చుంది. చిన్నపిల్ల, దానికేం అర్థమవుతుందిలే అనుకుంది. అర్థం కానిది ఎవరికో ఇప్పుడు తెలిసింది. చేట కింద పెట్టి, పిల్ల జుట్టులో పడ్డ పొల్లు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది. ఏరుతూ ఏరుతూ ఏడ్చింది.

"నాకన్నా గట్టిదానివే నువ్వు," అంది.

ఇద్దరూ ఇంటికొచ్చేసరికి దానమ్మ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని అరుగు మీదే కూర్చుని ఉంది. దాలమ్మ తిన్నగా వచ్చి కొంగు చాపింది.

"ఇటియ్యి దానమ్మా. ఎండన పడి వచ్చినదానివి, మంచినీళ్ళైనా ఇవ్వనేదు నీకు. తాటిబెల్లం ముక్క నోట్లో ఏసుకో ముందు."

దానమ్మ కళ్ళు తుడుచుకుంటూ తాంబూలం వదిన కొంగులో పెట్టింది. జగన్నాధం పొద్దున వదిలేసిన అన్నం ఎక్కడుందని అడిగాడు. కుక్క తినేసిందని తవిటమ్మ చెప్పింది.

నరసింగరావుకి ప్రాణం లేచొచ్చింది. "అయితే సాయంత్రం మీరందరూ ఎల్లండి. కళ్ళం కాడ నేనుంటాను. అప్పా, నువ్వు ముందు వరసలో కూకుని ఆఖరి రీలు సూసి రా."

"నేనుంటాను కళ్ళం కాడ. మీరెళ్ళండి," అంది దాలమ్మ.

"అదేటత్తా?" అన్నాడు సోములు. "ఆడు తిరిగొచ్చింది సూడవా?"

"డేరాలో సూడను. నువ్వు మళ్ళీ సెలవుకొచ్చి, తలొంచుకుని ఈ గుమ్మంలోంచి దూరిన నాడు సూస్తాను." సోములు నెత్తి మీద చెయ్యి వేసి, కూతురి వైపు తిరిగింది. "ఒసే, ఆ గరిటె అటక మీద పెట్టకు. గుమ్మం పక్కనే తగిలించు. ఈడు చీకట్లో వస్తాడేమో."

నరసింగరావు చప్పట్లు కొట్టాడు. "అంటే గరిటె సంగతి నిజమేనని నమ్మావన్నమాట. ఇన్నాళ్ళకి నా మాట నమ్మావప్పా."

"నిన్నెవడు నమ్మాడ్రా?" అంది దాలమ్మ, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "నా కూతుర్ని నమ్మాను."