గరుకు గొంతు

నాడిగీత తెర మీద నిలకడగా సాగుతోంది. మెర్సీ కమల డ్రమ్ముల మోతను మరికాస్త తగ్గించి పాటను ప్రసారాలు నడిపే యంత్రం అనుశ్రుతికి పంపింది. పచ్చదీపం వెలిగింది. విశాఖలో చెవిగింజ పెట్టుకున్న ప్రతి మనిషికీ పాట చేరింది. వాళ్ల గుండెల వేగం తిరిగొచ్చి ఆ గీతలో కలిసింది. గీత హద్దు దాటితే అనుశ్రుతి తానే పాట మార్చేస్తుంది. అందుకే ఇప్పుడు రాక్ సంగీతమంటే కోరలు పీకిన రాక్ సంగీతమే.

"శుభోదయం విశాఖా! నేను మీ మెర్సీని," అంది స్పీకరు. మెర్సీ పెదవులు కదలలేదు.

ఒకప్పుడు ఆ పలకరింపు ఆమెదే. చర్చిలో గిటారు నేర్చుకుని, చదువు అవగానే రేడియోలో చేరి, హార్బరు జనాన్ని పొద్దున్నే హోరెత్తే పాటలతో లేపింది. మూడేళ్ల కిందట క్యాన్సరొచ్చి డాక్టర్లు స్వరపేటికలో సగం తీసేశారు. స్టేషను వాళ్లు పాత రికార్డింగుల నుంచి ఆమె స్వరప్రతిని తయారుచేశారు. ఆ సంగతి శ్రోతలకు చెప్పొద్దన్నారు. పాటలు ఎంచే పనైనా మిగిలిందని ఆమె సరేనంది.

ఆ ఉదయం ఒక కాల్ వచ్చింది.

"మేడం, నా పేరు పైడమ్మండి. సేపల రేవులో ఏలంపాట పాడతానండి. రేపు నా గొంతుకి ఆపరేసనండి, సగం కోసేత్తారంట. మల్లీ మాటాడగల్నా? అబద్దం సెప్పకండి. సిన్నప్పట్నించీ మిమ్మల్నే ఇంటన్నాను."

"భయపడకండి పైడమ్మగారూ. అంతా మంచే జరుగుతుంది. మీ కోసం ఒక చల్లని పాట," అంది స్వరప్రతి, తడుముకోకుండా.

"అది కాదండి నేనడిగింది..."

మెర్సీ ఇంజనీరు వైపు తిరిగింది. "సన్యాసిరావ్, లైను పోనివ్వకు."

తుపాను హెచ్చరికలప్పుడు యంత్రాన్ని ఆపి మనిషే మాట్లాడేందుకు ఉంచిన చేతిమీట మీద ఆమె వేళ్లు పడటం చూసి అతను అదిరిపడ్డాడు. "మేడం, వద్దండి! మీ గొంతింటే జనం బెదిరిపోతారు. ఉద్యోగం పోతాదండి."

"నాదే పోతుంది. నువ్వు ఆపబోయావని చెప్పు."

మీట కిందికి దిగింది. స్వరప్రతి మధ్యలో ఆగిపోయింది.

"పైడమ్మా, మెర్సీని మాట్లాడుతున్నాను." ఇసుక రాలినట్టుంది ఆ గొంతు. "మూడేళ్లుగా మీరు వింటున్నది యంత్రం. నాకూ సగం కోశారు. మాట వస్తుంది, ఇలాగే వస్తుంది. మొదట్లో నీళ్లు మింగినా ఏడుపొస్తుంది. వేలం మునుపటిలా పాడలేకపోవచ్చు. కానీ ఎవరైనా పిలిస్తే పలుకుతారు. కోపమొస్తే తిడతారు."

నాడిగీత నిట్టనిలువుగా లేచింది.

"తిట్టగలిగితే సాలండి," అంది పైడమ్మ, ఏడుస్తూనే నవ్వుతూ. "ఏదైనా గట్టి పాటెయ్యండి. డ్రమ్ములు తగ్గించకండి."

మెర్సీ మోత పూర్తిగా పెంచింది. అనుశ్రుతి జోలపాట పంపింది, మెర్సీ తోసేసింది. అది మళ్లీ పంపింది, ఆమె మళ్లీ తోసేసింది. స్టూడియో అద్దాలు అదురుతున్నాయి. తెర ఎర్రబడి ఒక వాక్యం చూపించింది: 'హద్దు దాటినా శ్రోతలు వైదొలగడం లేదు. కారణం తెలియదు.'

సన్యాసిరావు దాన్ని చదివాడు. ఫోను ఎత్తి పైవాళ్లకు చెప్పాలి. ఎత్తలేదు. కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఇంకో కాల్ వచ్చిందండి. యంత్రం కాదు, మీరే మాటాడాలంట."

మెర్సీ గుక్కెడు నీళ్లు తాగి, నొప్పికి కళ్లు మూసి తెరిచి, మైకు దగ్గరికి జరిగింది.

"ఇవ్వు."